మీగడ రంగు గోడ

"వద్దన్నానా, వద్దు. ఆ ఇల్లు మనకొద్దు."

మామయ్య అంతవరకే అని, టీ గ్లాసు బల్లమీద పెట్టి, కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆదివారం ఆ ఇల్లు చూసి వచ్చినప్పటి నుంచీ ఆయన నోట ఇదొక్కటే మాట. ఇవాళ గురువారం. ఎందుకు వద్దో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.

"కారణం చెప్పు నాన్నా," అన్నాడు కొడుకు. గొంతు ఇంకా పైకి లేవలేదు కానీ, లేవడానికి సిద్ధంగా ఉంది. "సాయంత్రం నాలుగింటికి ఒప్పందం. నువ్వూ నేనూ నీ కోడలూ, ముగ్గురి పేర్లమీద కొంటున్నాం, ముగ్గురి సంతకాలూ కావాలి. ఒక్క కారణం చెప్పు. నేనే ఫోన్ చేసి మాకొద్దని చెప్పేస్తాను."

మామయ్య కిటికీ చువ్వమీది దుమ్ము వేలితో తుడిచాడు.

"చూడమ్మా. గోడతో మాట్లాడినట్టుంది."

"గోడలతోనే కదరా ఆయన బతుకంతా గడిచింది. వాటి గుణమే పట్టుకుంది," అంది అత్తయ్య ఆరిన బట్టలు మడతపెడుతూ. "ఆయన పలికే మనిషైతే ముప్ఫైరెండేళ్లుగా ఇద్దరి మాటలూ నేనొక్కదాన్నే ఎందుకు మాట్లాడతాను?"

కొత్తకోడలికి నవ్వొచ్చింది. నవ్వితే ఎవరి పక్షమని అడుగుతారేమోనని గ్లాసులో మొహం దాచుకుంది.

పెళ్లై నలభైఒక్క రోజులు. ఈ నలభైఒక్క రోజుల్లో ఆమెకు నచ్చనిదంటూ లేదు. అద్దం దగ్గర ఒకే గ్లాసులో ఆనుకుని నిలబడ్డ రెండు టూత్‌బ్రష్షులు నచ్చాయి. లిఫ్టులు బాగుచేసే భర్త చొక్కా జేబుల్లోంచి రాలిపడే మరలు నచ్చాయి, వాటిని ఒక సీసాలో పోగేస్తోంది. అత్తయ్య దెప్పుళ్లు కూడా నచ్చాయి. దెప్పిన పది నిమిషాలకల్లా ఆవిడ ఏదో ఒకటి తినమని చేతిలో పెడుతుంది.

ఇరుకు ఒక్కటే ఇబ్బంది. రెండు గదుల అద్దె ఇల్లు, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. తొమ్మిది ఇళ్లు చూస్తే చివరికి రెండు మిగిలాయి. రెండింటికీ ఆమే పేర్లు పెట్టింది.

ఒకటి మచ్చలిల్లు. హాలు కప్పు మీద టీ ఒలికినట్టు మరకలు. ముందుగోడ పెచ్చులూడి ఎండిన పెదవిలా ఉంది. స్నానాలగదిలో ముదురాకుపచ్చ పలకలు, వాటిమీద ఎవరో అంటించిన బాతుల బొమ్మలు. ఆ బాతుల్లో సగానికి తలల్లేవు.

రెండోది మీగడిల్లు. మేడమీద గదిలో కిటికీకి అరుగు. దానిమీద కాళ్లు ముడుచుకు కూర్చుంటే వీధి చివరిదాకా కనిపిస్తుంది. ఆ కిటికీ పక్క గోడ ఎంత నున్నగా ఉందంటే, ఆదివారం నాడు ఆమె ఎవరూ చూడట్లేదనుకుని దానికి చెంప ఆనించింది. అందరూ చూశారు. భర్త మాత్రం అప్పుడే ఈ ఇల్లే మనదని తేల్చేశాడు.

మామయ్య కొనమంటున్నది మచ్చలిల్లు.

"అసలు విడ్డూరం ఏంటంటే," అన్నాడు భర్త, ఈసారి గొంతు లేచింది, "నలభైఏళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లకి రంగులేసిన మేస్త్రి, సొంత కొడుకుని పెచ్చులూడిన కొంపలో ఉండమంటున్నాడు. ఆ మేడగది గోడ చూశావుగా నాన్నా. అలాంటి పని నీ జన్మలో ఒక్కసారైనా చేశావా?"

అత్తయ్య చేతిలో మడత ఆగిపోయింది.

మామయ్య తలతిప్పి కొడుకుని చూశాడు. కోపంగా చూస్తే బాగుండేది. దూరం నుంచి పిలుస్తున్న మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు చూశాడు. తర్వాత లేచి, చెప్పులేసుకుని, బయటి మెట్టుమీద కూర్చున్నాడు.

"తిన్నగా తగిలింది నీ మాట," అంది అత్తయ్య. "ఇప్పుడు సంతోషమా?"

"నేనేం తప్పన్నాను? కోడల్ని అడుగు. ఆ ఇల్లు కావాలని ముందు అడిగింది తనే."

ఇద్దరూ ఆమెవైపు చూశారు. కొత్తకోడలు టీ గ్లాసులన్నీ తీసుకుని వంటగదిలోకి నడిచింది, మామయ్యది ఇంకా సగం నిండుగానే ఉన్నా.

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఇవాళ మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టింది, మీగడిల్లు కిటికీలకి పరదాల కొలతలు తీసుకోవాలని. ఆ సంగతి భర్తకి చెబితే బయటి మెట్టుమీంచి మామయ్య గొంతు వినిపించింది.

"టేపు రెండో కొస పట్టుకోడానికి మనిషి కావాలి కదమ్మా. నేనొస్తాను."

తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మెత్తబడ్డాడు," అన్నాడు భర్త నెమ్మదిగా. "నువ్వే మెత్తబరిచావు. ఎలాగోలా ఒప్పించెయ్. మేం నాలుగింటికి తిన్నగా అక్కడికే వస్తాం."

దారిపొడుగునా మామయ్య గోడల్ని తాకుతూ నడిచాడు. అది ఆయన అలవాటు. కుక్కపిల్లల తల నిమిరినట్టు నిమురుతాడు. దర్జీ దుకాణం గోడ దగ్గర ఆగి, "ఇది వేసినవాడికి ఆ పూట పెళ్లాంతో గొడవైనట్టుంది. బ్రష్షు ఎలా లాగాడో చూడు," అన్నాడు. ఆమె పగలబడి నవ్వింది. మాట్లాడని మనిషని అందరూ అనే ఈ మనిషి తనతో మాట్లాడతాడు. ఆమె రహస్య సంతోషాల్లో అదొకటి.

బ్రోకరు వీధి మలుపులో తాళం ఇచ్చాడు.

"ఇవాళ ఇంటాయనే స్వయంగా వస్తున్నారు మేడమ్. ఇన్నాళ్లూ ఊళ్లో లేరు కదా. మీరు చూసుకోండి, ఇంకో జంట కూడా తిరుగుతున్నారు, నెలల పిల్లతో. మీరు ఊ అనకపోతే రేపు పొద్దున వాళ్లకే."

"మేం ఊ అనేశాంగా," అంది ఆమె, తాళంచెవి వేలికి తగిలించుకుని గిర్రున తిప్పుతూ.

మామయ్య అప్పటికే ఇంటివైపు నడుస్తున్నాడు.

మూసివున్న ఇంట్లో మధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉంది. మెట్లెక్కి మేడగదిలోకి వెళ్లేసరికి చీకటి. ఆమె గోడ తడుముతుండగానే మామయ్య చెయ్యి బీరువా వెనక సందులోకి వెళ్లింది. లైటు వెలిగింది.

"స్విచ్చు అక్కడుందని మీకెలా తెలుసు మామయ్యా?"

"ఎక్కడో ఒకచోట ఉండాలిగా."

ఆమె కిటికీ తలుపు లాగింది. రాలేదు.

"కొంచెం పైకెత్తి లాగు," అన్నాడు ఆయన, అటు చూడకుండానే.

ఎత్తి లాగితే వచ్చింది. వెలుతురు గదిలోకి ఒక్కసారిగా పడింది, మీగడ రంగు గోడ మెరిసింది, ఆమెకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ అరుగు, అరుగుమీద రెండు దిండ్లు, లేతనీలం పరదా. ఆదివారాలు పుస్తకం పట్టుకుని ఇక్కడే. భర్త లిఫ్టుల పని ముగించుకుని వచ్చేటప్పుడు ఇక్కణ్ణుంచి చెయ్యి ఊపొచ్చు. చెయ్యి ఊపడానికే ఒక ఇల్లు కొనొచ్చనిపించింది.

"పట్టుకోండి మామయ్యా."

కిటికీ ఎత్తు కుడివైపు కొలిచింది, కాగితం మీద రాసుకుంది. ఎడమవైపు కొలిచింది. వేలెడు ఎక్కువొచ్చింది.

"టేపు జారినట్టుంది. ఇంకోసారి."

ఇంకోసారి కూడా వేలెడు ఎక్కువే.

"నేను సరిగ్గానే పట్టుకున్నానమ్మా," అన్నాడు మామయ్య.

ఆమె రెండడుగులు వెనక్కి వేసి, దుకాణంలో మనిషి ముక్కుమీద కళ్లజోడు పెట్టి చూసినట్టు, కళ్లు చికిలించి చూసింది. వెంట్రుకవాసి ఒంకర ఉన్నా పట్టేసే కళ్లు ఆమెవి. కిటికీ అరుగు ఎడమవైపుకి వాలి ఉంది. అరుగు, దాని కింది గచ్చు, గచ్చుకి ఆనుకున్న మూల, అంతా అటే వాలి ఉన్నాయి. ఆదివారం ఇది ఎందుకు కనిపించలేదు? ఎలా కనిపిస్తుంది? ఆ గోడ నునుపే చూపునంతా లాక్కుంది.

అప్పుడే గమనించింది, వాళ్లు తెరిచి వదిలేసిన గది తలుపు దానంతటదే నెమ్మదిగా కదులుతోంది. గాలి లేదు. చప్పుడు లేకుండా వచ్చి మూసుకుంది.

"మీరు ఈ ఇంటికి ఇంతకుముందు వచ్చారు," అంది ఆమె.

మామయ్య టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

"నీ పర్సులో కార్డేదైనా ఉందా?"

దుకాణం కార్డు తీసి ఇచ్చింది. ఆయన మోకాళ్లమీద కూర్చుని, గోడ, నేల కలిసే అంచు దగ్గర దాన్ని నిలబెట్టి, వేలితో చిన్నగా నెట్టాడు. కార్డు సగం లోపలికి వెళ్లింది. ఇంకొంచెం నెట్టాడు. మొత్తం వెళ్లిపోయింది. తీద్దామంటే అందలేదు.

ఆమె ఆ సన్నటి గీతవైపే చూస్తూ నిలబడిపోయింది.

"ఇది ఆదివారం లేదు," అన్నాడు ఆయన. "ఉంది కానీ, కాగితం కూడా దూరేది కాదు."

"నాలుగు రోజుల్లోనా?"

"వానాకాలం ముందర ఒకసారి, వెనక ఒకసారి ఇలా కదులుతుందట. ఈ వైపు పునాది ఒకప్పటి మట్టిగుంటని పూడ్చి దానిమీద వేశారు. పక్కింటి ముసలాయన చెప్పాడు నాకు. నిరుడు."

"నిరుడు ఇక్కడేం చేశారు మీరు?"

ఆయన లేచి, ఆ నున్నటి గోడమీద చెయ్యి ఆన్చాడు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా నేలదాకా ఒక గీత గీసినట్టు వేలు జరిపాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

"ఇదిగో, ఈ దారెంట పగులు ఉండేది. నా వేలు పట్టేది. ఇంటాయన రంగు వెయ్యమని పిలిచాడు. పగులు చచ్చిందా బతికే ఉందా తెలుసుకోకుండా నేను దాన్ని పూడ్చే లప్పం పెట్టను. దానికి అడ్డంగా మూడు గాజుపలకలు అంటించాను. గోడ కదిలితే గాజు ఆగలేదు కదా, విరిగిపోతుంది. పదిహేను రోజులు చూద్దామన్నాను. తొమ్మిదో రోజుకి మూడూ విరిగాయి."

"ఇంటాయన చూశారా?"

"ఆయనే ముందు చూశాడు. ముక్కలు ఏరేసి, ఇక కానివ్వండి మేస్త్రీ అన్నాడు."

"మీరు కానిచ్చారు."

"కానిచ్చాను," అన్నాడు మామయ్య. "పగులు తవ్వి, జాలీ గుడ్డ వేసి, ఆరేడు పూతలు లప్పం. ప్రతి పూతా నేనే రుద్దాను, పనివాళ్లని ముట్టుకోనివ్వలేదు. ఎందుకో తెలుసా? ఎలాగూ తప్పు పని చేస్తున్నాను, కనీసం బాగా చెయ్యాలనిపించింది. నా నలభైఏళ్లలో ఇంత మంచి గోడ ఇంకోటి లేదమ్మా. ఆదివారం నువ్వు చెంప ఆనించావు చూడు."

ఆయన గోడమీంచి చెయ్యి తీసేశాడు.

పొద్దున భర్త అన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇద్దరూ దాన్ని ఎత్తలేదు.

"పొద్దున్నే చెప్పేస్తే అయిపోయేది కదా మామయ్యా. ఆదివారమే చెప్పేస్తే."

"నాకు పని నేర్పిన మేస్త్రి మొదటిరోజు నిచ్చెన ఎక్కనివ్వలేదు. ముందు మాటివ్వమన్నాడు. ఏ ఇంట్లో పనిచేసినా గోడ వెనక చూసింది గోడ వెనకే ఉండాలి. చెమ్మ, చెద, దాచుకున్న అర, ఏదైనా సరే. మేం ఇంటివాళ్ల పడకగదుల్లో తిరిగేవాళ్లం. నోరుజారే మేస్త్రిని ఎవరూ గడప తొక్కనివ్వరు. నలభైఏళ్లు మీ అత్తయ్యకి కూడా ఒక్క ఇంటి సంగతి చెప్పలేదు. దానికి అదే నామీద కోపం."

"మరి ఆ మచ్చలిల్లు?"

మామయ్య మొహంలో ఆరోజు మొదటిసారి కొంచెం వెలుగొచ్చింది.

"దానికేం, బంగారం. ఆ మరకలు ఎప్పుడో కారిన నీళ్లతొట్టి గొట్టానివి. గొట్టం మార్చేశారు, మరక మార్చలేదు, అంతే. తలుపులన్నీ ఎక్కడ వదిలితే అక్కడే నిలబడ్డాయి, చూశాను. గచ్చు మీద గోలీ పెడితే కదల్లేదు. పెచ్చులు వానకి ఊడినవి, లోపల ఇటుక రాయిలా ఉంది. నాకు రెండు వారాలియ్యి, దానికి మొహం కడిగి పౌడరు రాస్తాను. దీనికి మొహం ఉంది కానీ కాళ్లు లేవమ్మా. నేను రంగులవాణ్ణి. మొహమైతే చెయ్యగలను, కాళ్లు చెయ్యలేను."

"బాతులు?"

"బాతులు ఊడదీస్తాను."

ఆమె నవ్వబోయింది. కానీ కాలికింద నేల వాలి ఉందని ఇప్పుడు అరికాళ్లకి తెలుస్తోంది.

"నువ్వు నాకొక సాయం చెయ్యాలి," అన్నాడు మామయ్య. "నీకీ ఇల్లు నచ్చలేదని చెప్పు. వాడికి ఇల్లు ముఖ్యం కాదు, నువ్వు ముఖ్యం. నువ్వొద్దంటే వెంటనే వదిలేస్తాడు. ఇప్పుడు మనం మాట్లాడుకున్నది మాత్రం మనిద్దరి మధ్యే ఉండాలి."

"వంటిల్లు చిన్నదని చెబుతాను," అంది ఆమె వెంటనే. అత్తయ్య దెప్పుళ్లు లెక్కేసుకుంది. వారం రోజులు పడాలి, పడొచ్చు.

"మాటేనా?"

"మాటే."

ఆయన గుండెలనిండా ఊపిరి తీసుకున్నాడు. ఆమె కిటికీ మూస్తూ, పైకెత్తి నెడుతూ, అలాగే ఆగిపోయింది.

"మామయ్యా. ఆ నెలల పిల్ల వాళ్లు? మనం వద్దంటే రేపు వాళ్లకే అన్నాడు కదా."

మామయ్య టేపుని జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. ఇంకో జేబులో పెట్టుకున్నాడు.

"మామయ్యా."

"అది నా చేతిలో లేదు."

నలభైఒక్క రోజుల్లో మొదటిసారి అత్తింటి మనుషుల్లో ఒకరు ఆమెకు నచ్చలేదు. మరుక్షణంలో తనూ నచ్చలేదు. ఇప్పుడే కదా మాటిచ్చింది.

కింద తలుపు తెరుచుకుంది. నాలుగు కావడానికి ఇంకా అరగంట ఉంది.

"పైన ఉన్నారా?" భర్త గొంతు, సంతోషంగా. "ఇంటాయన తొందరగా వచ్చేశారు, మేమూ వచ్చేశాం."

మెట్లమీద నలుగురి అడుగులు. భర్త, రొప్పుతూ అత్తయ్య, కాగితాల సంచితో బ్రోకరు, వెనకగా ఇంటాయన. చూడముచ్చటైన పెద్దమనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి మాట. గదిలోకి వచ్చి అందరికీ నమస్కారం పెడుతూ, మామయ్య దగ్గర ఆయన చేతులు ఆగాయి.

ఆగింది ఒక్క క్షణమే. తర్వాత మొహమంతా నవ్వు పరుచుకుంది.

"మేస్త్రిగారా? కొనేది మీరా? ఈ బ్రోకరు పేర్లు చెబుతాడు కానీ మనుషుల్ని చెప్పడు."

"మా నాన్న మీకు తెలుసా?" అన్నాడు భర్త.

"తెలియడమేంటి బాబూ. ఈ గది పని చేసింది ఆయనే. ఈ గోడ చూసినవాళ్లంతా ఎవరు చేశారని అడుగుతూనే ఉన్నారు."

భర్త గోడవైపు చూశాడు. తర్వాత తండ్రివైపు చూశాడు. బడిలో తండ్రి పని అడిగితే రంగులేస్తాడని చెప్పలేక కాంట్రాక్టరని రాసిన కొడుకు, పొద్దున అంత మాటన్న కొడుకు, రెండడుగులేసి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"నాన్నా, ఇది నీ పనా? పొద్దున అంత మాటన్నానే. ఒక్కముక్క చెప్పొచ్చు కదా."

"చెప్పే మనిషేనా," అంది అత్తయ్య. అరచేత్తో గోడని తడిమి చూసింది. "ఇందుకా వద్దన్నారు? మీ పని మీరే పొగుడుకున్నట్టుంటుందనా?"

"పనిమంతులు అంతేనమ్మా," అన్నాడు ఇంటాయన. చూపు మాత్రం మామయ్య మొహమ్మీంచి తిప్పలేదు. "ఇంకెవరి మాటా ఎందుకు? మేస్త్రిగారే చెబుతారు. ఈ గోడ చేసింది మీ చేతులే కదా, మీకు తెలియనిది నాకేం తెలుసు. చెప్పండి మేస్త్రీ. ఏమైనా లోపముందా?"

ఆ మాట ఎంత మెత్తగా పడిందో కొత్తకోడలు విన్నది. చేసింది నువ్వు, చెడితే నీ పేరే అని దాని అర్థం. మిగతా వాళ్లకి అది పొగడ్తలాగే వినిపించింది.

మామయ్య చెయ్యి ఇంకా కొడుకు చేతుల్లోనే ఉంది. కొడుకు ఆయన్ని చూస్తున్న తీరు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆయనా చూసి ఉండడు. ముప్ఫైఏళ్లు ఎదురుచూసినది ఇంత హఠాత్తుగా చేతికొస్తే మనిషి ఏం చేస్తాడో ఆమెకు అర్థమైంది.

"గోడకేం లోపం లేదు," అన్నాడు మామయ్య.

బ్రోకరు కాగితాలు కిటికీ అరుగుమీద పరిచాడు. మామయ్య వంగాడు. నాలుగు రోజులుగా వద్దన్న మనిషి, ముందుగా తనే సంతకం చేశాడు. ఆ తర్వాత భర్త ఈలవేస్తున్నంత హుషారుగా చేసేసి, కలం ఆమెకు అందించాడు.

"ఇక నీదే. నీ కిటికీ, నీ అరుగు, నీ గోడ."

కలం ఆ చేతి వేడితో వెచ్చగా ఉంది. మామయ్య మొహం కనిపించేట్టు ఆమె నిలబడింది. ఆయన ఆమెను చూడలేదు. నేలమీద ఎటో చూస్తున్నాడు.

వంటిల్లు చిన్నదని చెప్పాలి. నోరు తెరిచింది. ఆ మాట ఇప్పుడు ఎంత అబద్ధంగా ఉంటుందో తెరిచాక తెలిసింది. సంతకం పెట్టిన ఇద్దరి మధ్య నిలబడి వంటిల్లు గురించి ఎవరైనా మాట్లాడతారా? పైగా వంటిల్లు చిన్నదైతే, రేపు పొద్దున నెలల పిల్లతో వచ్చేవాళ్లకి అదేమంత పెద్ద సంగతి?

కలం కాగితాలమీద అడ్డంగా పెట్టేసింది.

"నేను పెట్టను."

అత్తయ్య తెల్లబోయింది. భర్త మొహంలో నవ్వు ఇంకా వెళ్లలేదు, ఎటు వెళ్లాలో తెలియక అక్కడే ఉండిపోయింది. ఇంటాయన చిన్నగా గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకు?"

అడిగింది భర్త కాదు. అత్తయ్య కాదు, ఇంటాయన కాదు.

మామయ్య నేలమీంచి చూపెత్తి, తిన్నగా ఆమె కళ్లలోకి చూస్తూ, ఇంకోసారి అడిగాడు.

"ఎందుకు పెట్టవో చెప్పమ్మా. నాకిచ్చిన మాట వదిలెయ్, అందరూ వినేట్టు చెప్పు."